హైదరాబాద్‌లో మాయమైన వీధులు, పాత రైలు స్టేషన్లు: పాత మ్యాపులతో ఆచూకీ తీయడం ఎలా?

ఒక వీధి పోయిందని చెప్పాలంటే రెండు సంవత్సరాలు తేల్చాలి. ఏ ఏడాది దాకా ఉంది, ఏ ఏడాదికల్లా లేదు. ఒక్క మ్యాపుతో ఇది తేలదు, అది ఎంత వివరంగా గీసిన మ్యాపైనా సరే. అందుకే కంప్యూటరు తెరిచే ముందే కనీసం మూడు కాలాల మ్యాపులు పోగేసుకోండి. ఇక్కడ హైదరాబాద్‌ను తీసుకుని చెబుతున్నాం. విజయవాడకైనా, చెన్నైకైనా పద్ధతి ఇదే, షీట్ల పేర్లే మారతాయి.

ఏ మ్యాపులు కావాలి

మొదటివి మన్ మ్యాపులు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి ఒడ్డునున్న పేటలను ఊడ్చుకుపోయాక నిజాం ప్రభుత్వం నగరాన్ని కొలిపించింది. లియొనార్డ్ మన్ ఆధ్వర్యంలో 1910ల తొలి సగంలో తయారైన ఈ మున్సిపల్ సర్వే షీట్లలో ఇళ్ల ఆకారాలు, సందులు విడివిడిగా కనిపిస్తాయి. అదే రోజుల్లో, 1912లో, సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది. రోడ్లు వెడల్పు చేయడానికి, ఇరుకు బస్తీలు తీసేయడానికి, పత్తర్‌గట్టీ లాంటి రాతి కమాన్ల వరసలు కట్టడానికి ఆ బోర్డు చాలా కూల్చింది. ఆ కూల్చివేతలకు ముందటి నగరం ఈ షీట్లలో ఉంది. పోయిన సందులు వెతికేవాళ్లకు ఇంతకు మించిన ఆధారం లేదు.

రెండోది సర్వే ఆఫ్ ఇండియా వారి మైలుకు అంగుళం షీటు, అంటే 1:63,360. షీటు నంబరు మీరే లెక్కగట్టుకోవచ్చు. 56 అనే పెద్ద గడి 16 నుంచి 20 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 76 నుంచి 80 డిగ్రీల తూర్పు రేఖాంశం మధ్య ఉంటుంది. దాన్ని డిగ్రీకొకటి చొప్పున ‘ఏ’ నుంచి ‘పీ’ వరకు 16 ముక్కలు చేశారు. ఆ ఒక్కో ముక్కనూ మళ్లీ 15 నిమిషాల చొప్పున 1 నుంచి 16 వరకు కోశారు. వరస ఎప్పుడూ పైనుంచి కిందికి, తర్వాత కుడివైపు నిలువు వరసకు. ఆ లెక్కన చార్మినార్ 56 కే/7లో పడుతుంది. సికింద్రాబాద్ స్టేషన్ మాత్రం 78°30′ గీతకు కాస్త తూర్పున ఉండడంతో 56 కే/11లోకి జారుతుంది. రెండూ తీసుకోకపోతే జంటనగరాల రైలు లైను సరిగ్గా కావలసిన చోటే తెగిపోతుంది.

మూడోది అమెరికా కరోనా ఉపగ్రహ ఫొటోలు. 1960–72 మధ్య తీసినవి, 1995లో బయటపెట్టారు. అమెరికా భూగర్భ సర్వే సంస్థ యూఎస్‌జీఎస్ వారి ఎర్త్‌ఎక్స్‌ప్లోరర్ సైటులో వెతకండి. ఇదివరకే స్కాన్ చేసినవి ఉచితం, చేయనివాటికి డబ్బు కట్టాలి. చివరి దశ కెమెరాల్లో రెండు మీటర్లంత వస్తువు కూడా ఆనుతుంది కాబట్టి వీధి గీత, రైల్వే యార్డు బాగానే తెలుస్తాయి. మ్యాపులో పాత గీతనే మళ్లీ మళ్లీ అచ్చు వేసి ఉండొచ్చు. ఫొటోలో ఆ అవకాశం లేదు.

వీటికి తోడు టౌన్ సర్వే రికార్డు ఉంటే మంచిది. టీఎస్‌ఎల్‌ఆర్ అనే ఈ రిజిస్టరులో వార్డు, బ్లాకు, టీఎస్ (టౌన్ సర్వే) నంబరు వారీగా ప్రతి స్థలమూ ఎక్కి ఉంటుంది. నేల మీద గోడ కట్టేసిన సందు కూడా రిజిస్టరులో ప్రభుత్వ దారిగానే మిగిలి ఉండొచ్చు. ఊరి శివార్లకు వెళ్తే గ్రామ నక్షా (ఊరి మ్యాపు), టిప్పన్ (ఒక్కో సర్వే నంబరు కొలతల పటం) చూడాలి. నిజాం కాలపు కాగితాలకు తార్నాకలోని స్టేట్ ఆర్కైవ్స్‌కు వెళ్లాలి. ఉర్దూ చదివేవాళ్లను వెంటబెట్టుకోండి.

ముందు మ్యాపు అంచులు చదవండి

చాలామంది నేరుగా మధ్యలోకి వెళ్లిపోతారు. అసలు సంగతి అంచున ఉంటుంది.

సర్వే చేసిన సంవత్సరం, అచ్చు వేసిన సంవత్సరం వేర్వేరు. ఆ రెండింటి మధ్య రోడ్లు, రైలు లైన్లు మాత్రం కొత్తగా చేర్చి, మిగతాదంతా పాతదే ఉంచడం మామూలే. అలాంటి షీటులో పక్కపక్కనే ఉన్న స్టేషనూ వీధీ ఒకే కాలానివి కాకపోవచ్చు. మీ పట్టికలో సర్వే ఏడాదికి ఒక గడి, సవరణ ఏడాదికి ఒక గడి, అచ్చు ఏడాదికి ఒక గడి పెట్టుకోండి. మూడూ కలిపి ఒకే తేదీ రాశారంటే తర్వాత ఎవరూ విడదీయలేరు.

నిజాం రికార్డులో ఫసలీ సంవత్సరం (అప్పటి రెవెన్యూ సంవత్సరం) కనిపిస్తే 590 కలపండి: 1344 ఫసలీ అంటే 1934–35. హిజ్రీ అయితే అంకెలో నూటికి మూడు తీసేసి 622 కలపండి. 1326లో నూటికి మూడు పోతే దాదాపు 1286, దానికి 622 కలిపితే 1908, వరద వచ్చిన ఏడు. ఏడాది అటూ ఇటూ తేడా రావచ్చు కనుక నెల కూడా చూడాలి. ఏ లెక్కో రాయకుండా ఉత్త అంకె ఉంటే ఫసలీ, హిజ్రీ రెండింటితోనూ మార్చి చూసి, చరిత్రకు పొసిగేది తీసుకోండి.

ఇక రేఖాంశం. పాత సర్వే షీట్లు మద్రాసు అబ్జర్వేటరీ 80°17′21″ దగ్గర ఉందనుకుని గీసినవి. తర్వాత తేలిన అంకె దానికి 2′27″ తక్కువ. మన అక్షాంశంలో ఒక సెకను రేఖాంశం సుమారు 29.5 మీటర్లు. అంటే ఆ షీటు అంచునున్న అంకెలను నమ్మి కంప్యూటర్లో పెడితే నగరమంతా దాదాపు 4.3 కిలోమీటర్లు తూర్పుకు జరిగి కూర్చుంటుంది. ఆ సవరణ చేసిన తర్వాతి షీట్లలో కూడా భూమి ఆకారానికి అవి వాడిన ఎవరెస్ట్ గోళం లెక్కకూ ఇప్పటి జీపీఎస్ లెక్కకూ వంద మీటర్లు దాటిన తేడా మిగులుతుంది. వీధి వెతికేటప్పుడు వంద మీటర్లంటే రెండు సందుల అవతల. కాబట్టి అంచు అంకెలను షీటు గుర్తుపట్టడానికే వాడండి. మ్యాపును ఇప్పటి నేల మీద సరైన చోట కూర్చోబెట్టడానికి ఇప్పటికీ కదలకుండా ఉన్న కట్టడాలనే నమ్మండి.

స్కేలు లెక్క, స్కాను

మీ మ్యాపు ఎంత చిన్న వస్తువును చూపగలదో ముందే లెక్కేసుకుంటే సగం వాదనలు తప్పుతాయి. 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) స్కానులో ఒక చుక్క 0.085 మిల్లీమీటర్లు. షీటు మీద అంగుళానికి 50 అడుగులు అని ఉంటే అది 1:600, చుక్కకు 5 సెంటీమీటర్లు. మైలుకు అంగుళం షీటులో అదే చుక్క 5.4 మీటర్లు. ఆ షీటులో అర మిల్లీమీటరు మందం గీత నేల మీద 32 మీటర్లవుతుంది. అంత వెడల్పు రోడ్డు అక్కడ ఉందని కాదు, గుర్తు కనబడాలని లావుగా గీశారంతే. దాని నుంచి రోడ్డు వెడల్పు కొలవకండి.

కాగితం సాగుతుంది, కుంచించుకుపోతుంది, అదీ నిలువుగా ఒకలా అడ్డంగా ఒకలా. 15 నిమిషాల షీటు నేల మీద ఉత్తర దక్షిణాలుగా 27.7 కిలోమీటర్లు. కాగితం ఒక్క శాతం కుంచించుకుపోయినా ఆ చివరకు 270 మీటర్ల పైచిలుకు తప్పు. గ్రిడ్ గడులను నిలువుగా, అడ్డంగా కొలిచి చూడండి. తేడా ఉంటే రాసిపెట్టుకోండి. గుడ్డ మీద ముక్కలుగా అతికించిన మడత మ్యాపైతే ముక్కల మధ్య సందు ఉంటుంది. ఒక్కో ముక్కనూ విడిగా కత్తిరించి విడివిడిగా కూర్చోబెట్టాలి. మొత్తాన్ని ఒకే బొమ్మగా పెడితే ఆ ఖాళీలు కూడా నేలగా లెక్కలోకి వస్తాయి. ఫోనుతో ఫొటో తీయక తప్పకపోతే మ్యాపును బల్ల మీద పరిచి, నిట్టనిలువుగా పైనుంచి, కాస్త దూరం నుంచి జూమ్ చేసి తీయండి. దగ్గర నుంచి తీస్తే అంచులు వంగుతాయి.

నేల మీద కూర్చోబెట్టడం

మ్యాపుల సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్ ఉచితం, దానిలోని జియోరెఫరెన్సర్ (పాత మ్యాపును నేల మీద కూర్చోబెట్టే సాధనం) సరిపోతుంది. కొత్తవాళ్లకు మ్యాప్‌వార్పర్ సైటు ఇంకా తేలిక. హైదరాబాద్ 78 డిగ్రీలకు తూర్పున ఉంది కనుక చోట్లను లెక్కించే పద్ధతిగా యూటీఎం 44 ఉత్తరం, అంటే సాఫ్ట్‌వేర్ జాబితాలో ఈపీఎస్‌జీ 32644, ఎంచుకోండి. దూరాలు నేరుగా మీటర్లలో వస్తాయి.

ఫలితమంతా గుర్తు బిందువుల మీదే, అంటే పాత మ్యాపులోనూ ఇప్పటి ఫొటోలోనూ ఒకే చోటని మీరు పెట్టే చుక్కల మీదే ఆధారపడి ఉంటుంది. షీటుకు 8 నుంచి 12 పెట్టండి, నాలుగు మూలలకూ చెదిరేలా. అన్నీ ఒకే మూల గుమిగూడితే ఆ మూల చక్కగా కుదిరి, ఎదుటి మూల ఎటో పోతుంది. మంచి బిందువులు: 1591 నాటి చార్మినార్, మక్కా మసీదు మూలలు, 1578 నాటి పురానాపూల్ చివరలు, కోఠీలోని పాత బ్రిటిష్ రెసిడెన్సీ భవనం, మిగిలిన రెండు నగర ద్వారాలు, అంటే పురానాపూల్ దర్వాజా, దబీర్‌పురా దర్వాజా. పనికిరానివి: వరద తర్వాత గోడలు కట్టిన మూసీ ఒడ్లు, పూడ్చి నెక్లెస్ రోడ్డు వేసిన హుస్సేన్‌సాగర్ అంచు, వెడల్పు చేసిన రోడ్ల కూడళ్లు.

చార్మినార్ మీద బిందువు పెట్టేటప్పుడు ఒక చిన్న మోసం ఉంది. ఉపగ్రహ ఫొటోలో మినార్ కొన ఒక పక్కకు ఒరిగినట్టు కనిపిస్తుంది, ఎందుకంటే ఫొటో నిట్టనిలువుగా తీసింది కాదు. మ్యాపులో గీసింది పాదం. కొన మీద నొక్కితే ఆ షీటంతా కొన్ని మీటర్లు ఆ పక్కకే ఒరుగుతుంది. నాలుగు మినార్ల పాదాలు వెతికి, రెండు ఎదురెదురు మూలలు పట్టుకోండి. గూగుల్ ఎర్త్‌లో ఒకే చోటును వేర్వేరు తేదీల్లో చూస్తే ఆ ఫొటోలే ఒకదానితో ఒకటి కొన్ని మీటర్లు తప్పుతాయి. కాబట్టి ఒక తేదీని ఎంచుకుని చివరి దాకా దానికే కట్టుబడండి.

తర్వాత రూపాంతరం, అంటే ఆ బిందువులకు కుదిరేలా మ్యాపును సాగదీసే లెక్క. మొదటి తరగతి పాలినామియల్‌కు (బహుపది సూత్రానికి) 3 బిందువులు, రెండో తరగతికి 6, మూడో తరగతికి 10 తప్పనిసరి. మన్ షీట్ల లాంటి కొలత మ్యాపులకు మొదటి తరగతి చాలు. తరగతి పెంచితే తప్పు అంకె తగ్గినట్టు కనిపిస్తుంది గానీ బిందువుల మధ్య వీధులు మెలికలు తిరుగుతాయి. థిన్ ప్లేట్ స్ప్లైన్ అనే ఇంకో పద్ధతి అయితే ప్రతి బిందువునూ బలవంతంగా దాని చోటుకు లాగుతుంది. అప్పుడు బిందువుల దగ్గర తప్పు సున్నా అనే చూపిస్తుంది, ఆ సున్నాకు అర్థం లేదు. అందుకే రెండు మూడు బిందువులను లెక్కలోకి తీసుకోకుండా పక్కన దాచుకోండి. మ్యాపు కూర్చున్నాక అవి ఎంత తప్పాయో చూడండి. మీ మ్యాపు నిజమైన తప్పు అదే. 1:600 షీటులో అది 3 మీటర్లు దాటితే ఏదో బిందువు అబద్ధం చెబుతున్నట్టే. ఒక్కొక్కటే తీసేసి చూస్తే దొరుకుతుంది. బిందువుల ఫైలును తప్పకుండా భద్రం చేయండి, అది పోతే పని మొత్తం మళ్లీ మొదటికి.

పోయిన వీధిని గుర్తుపట్టడం

పాత షీటు మీద వీధి మధ్యగీతను ఒక పొరలో, ఇళ్ల అంచులను ఇంకో పొరలో గీయండి. తర్వాత మ్యాపును ఆపేసి, ఆ గీతలను మాత్రమే ఇప్పటి ఫొటో మీద చూడండి. మ్యాపు రంగులు కనబడుతుంటే కన్ను ఉన్నదానికీ లేనిదానికీ పోలిక వెతుకుతూనే ఉంటుంది.

గీత కింద ఇప్పుడు ఏముంది అన్నదాన్ని బట్టి వీధి గతి తెలుస్తుంది. ఇళ్లు అడ్డంగా లేచి ఉంటే మూసేశారు. పెద్ద రోడ్డు అంచు లోపలికి పడితే వెడల్పులో కలిసింది. ఇళ్ల వెనక గోడలు వరసగా గీత వెంట సాగుతుంటే సందు చచ్చినా దాని హద్దు బతికే ఉందన్నమాట, ఇది చాలా గట్టి ఆధారం. రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఇళ్లు పోతాయి గానీ ఆషుర్‌ఖానా (పీర్ల చావిడి), దర్గా, చిన్న గుడి తరచూ ఉన్నచోటే ఉండిపోతాయి. రోడ్డులోకి పొడుచుకొచ్చిన అలాంటి కట్టడం ముఖద్వారం పాత వీధి అంచును పట్టిస్తుంది.

ఇంటి నంబర్లను చూడండి. హైదరాబాద్‌లో మొదటి అంకె వార్డు, రెండోది బ్లాకు, మూడోది ఇల్లు. పక్కపక్క ఇళ్ల నంబర్లలో బ్లాకు ఉన్నట్టుండి మారితే వాటి మధ్య ఒకప్పుడు హద్దు ఉండి ఉండొచ్చు. చాలాసార్లు ఆ హద్దు ఒక దారే. నగర గోడ పోయినా దర్వాజాల పేర్లు పేటలకు మిగిలాయి: లాల్ దర్వాజా ఒకటి. రెండు ద్వారాల మధ్య వంపు తిరిగిన సందు కనబడితే గోడ వెంట నడిచిన దారేమో పాత షీటులో సరిచూడండి.

పేర్ల దగ్గర తొందరపడొద్దు. పేరు మారిన వీధిని పోయిన వీధిగా రాసేయడం అన్నింటికంటే ఎక్కువగా జరిగే పొరపాటు. సికింద్రాబాద్ జేమ్స్ స్ట్రీట్ ఇప్పటి ఎంజీ రోడ్డు, కింగ్స్‌వే ఇప్పటి ఆర్‌పీ రోడ్డు, రెండూ కదల్లేదు. రెసిడెన్సీ బజార్లు 1933లో నిజాం చేతికి తిరిగొచ్చాక సుల్తాన్ బజార్ అయ్యాయి. జేమ్స్ స్ట్రీట్ పేరు రోడ్డుకు పోయి ఎంఎంటీఎస్ (నగర లోకల్ రైలు) స్టేషన్‌కు మిగిలింది. ఇంగ్లీషు స్పెల్లింగులను పైకి చదివి చూడండి: ట్రిముల్‌ఘెర్రీ అంటే మన తిరుమలగిరి, బెజ్వాడా అంటే బెజవాడ.

స్టేషన్లు, రైలు లైన్లు

ముందు రైల్వే కంపెనీ పేరు చూడండి, మ్యాపు కాలాన్ని అదే చెబుతుంది. వాడీ జంక్షన్ (ఇప్పటి కర్ణాటకలో) నుంచి సికింద్రాబాద్‌కు లైను 1874లో వచ్చింది. నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే అన్న పేరుంటే 1930కి ముందటి సంగతి, ఎందుకంటే ఆ ఏడు ప్రభుత్వం దాన్ని సొంతం చేసుకుంది. హైదరాబాద్–గోదావరి వ్యాలీ అంటే మన్మాడ్ వైపు మీటర్ గేజ్ (పట్టాల మధ్య ఒక మీటరు ఎడం ఉండే లైను). నాంపల్లి స్టేషన్ 1907ది, కాచిగూడ 1916ది. కాచిగూడ భవనం లేని మ్యాపు 1916కు ముందు సర్వే అయి ఉండొచ్చు, లేదా సవరించనిది అయి ఉండొచ్చు.

పాత టైంటేబుల్ దొరికితే స్టేషన్ చోటు పట్టడానికి మైళ్ల వరస వాడండి. కదలని స్టేషన్ ఒకటి ఎంచుకుని, అక్కడి నుంచి లైను వెంట కొలవండి, గాలిలో నిటారుగా కాదు. 4 మైళ్లంటే 6.4 కిలోమీటర్లు. పట్టికలో మైళ్లు గుండ్రంగా వేసి ఉంటే ఇటూ అటూ 800 మీటర్ల వరకు వెతకాలి. రెండు దిక్కుల నుంచి కొలిస్తే ఆ పరిధి తగ్గవచ్చు.

లైను ఎత్తేసిన చోట వంపే సాక్ష్యం. భారతీయ రైల్వేలో బ్రాడ్ గేజ్ వంపు వ్యాసార్ధం 175 మీటర్లకు, మీటర్ గేజ్ వంపు 109 మీటర్లకు తగ్గకూడదని నియమం. మీరు లైనని అనుకుంటున్న వీధి అంతకంటే గట్టిగా తిరిగితే అది ప్రధాన లైను కాదు, ఫ్యాక్టరీ సైడింగో (ఫ్యాక్టరీలోకి వెళ్లే పక్క లైనో) మామూలు దారో అవుతుంది. కొలవడం తేలిక: వంపు మీద మూడు బిందువులు పెట్టి వాటి గుండా వృత్తం గీయండి. గేజ్ మార్పిడిలో వంపులు సడలించడానికి లైనును పక్కకు జరిపితే పాత కట్ట పక్కనే మిగిలిపోతుంది. దాన్ని వేరే లైనుగా లెక్కపెట్టొద్దు.

మ్యాపులో ఉన్న లైను నేల మీద ఉన్నట్టే అనుకోకండి. కాకినాడ–కోటిపల్లి లైను 1928లో మొదలైంది, రెండో ప్రపంచ యుద్ధం కోసం 1940లో పట్టాలు పీకేశారు, 2004లో మళ్లీ వేశారు. 1940 తర్వాత అచ్చయినా సవరించని షీటులో పట్టాలు లేని లైను మీద రైలు గీత అలాగే ఉంటుంది. దీనికి తిరగేసి, నిర్మాణంలో ఉందని చుక్కల గీతతో చూపిన లైను ఎప్పటికీ పూర్తికాకపోవచ్చు. గీత గుర్తును మ్యాపులోని గుర్తుల పట్టికతో సరిచూడకుండా లైను ఉందని రాయొద్దు.

స్టేషన్ ఆనవాళ్లు నేల మీద ఎక్కువే మిగులుతాయి. ఎద్దుబండి ఎత్తుకు కట్టిన గూడ్సు షెడ్డు అరుగు, ఇంజను తిప్పే బల్ల పోయాక మిగిలిన 15 నుంచి 22 మీటర్ల గుండ్రటి గుంత, నీళ్ల ట్యాంకు రాతి దిమ్మె, రైల్వే క్వార్టర్ల వరస, హద్దుగా పాతిన పాత పట్టా ముక్కలు. ‘స్టేషన్ రోడ్డు’ అన్న పేరు స్టేషన్ లేని చోట వినబడితే ఆగి చూడండి. ‘గేటు’ అన్న పేరు మాత్రం రైలుదో, నగర గోడదో, టోల్‌దో ముందు తేల్చాలి.

నేల మీదికి వెళ్లాక

మీ గీతలను కేఎంఎల్‌గా (ఫోను మ్యాపు యాప్‌లు తెరిచే ఫైలుగా) మార్చి ఫోనులో వేసుకోండి. ఇరుకు సందుల్లో ఫోను జీపీఎస్ పది మీటర్లు సులువుగా తప్పుతుంది కనుక ఎక్కడున్నారో తెలుసుకోవడానికి ఏదో ఒక కట్టడం మూల నుంచి అడుగులతో కొలవండి. ప్రతి చోటా రెండు ఫొటోలు: ఒకటి వీధి పొడవునా, ఇంకొకటి గోడ అడుగున రాళ్లు, ఇటుకలు కనబడేలా. ఇళ్లవాళ్లను అడిగేటప్పుడు “ఇక్కడ పాత రోడ్డుండేదా?” అంటే చాలామంది ఉండేదనే అంటారు. “ఈ గోడ ఎవరు కట్టారు, దీని అవతల ముందు ఏముండేది?” అని అడగండి. రైలు పట్టాల మీదికి మాత్రం వెళ్లకండి, రైల్వే చట్టం 1989లోని 147వ సెక్షన్ ప్రకారం అది నేరం. వంతెన మీద నుంచో, గేటు బయట నుంచో చూడండి.

తేలినదాన్ని మూడు తరగతులుగా రాయండి. రెండు కాలాల మ్యాపులూ, నేల మీది ఆనవాలూ కలిస్తే ‘ఖాయం’. మ్యాపులు మాత్రమే కలిస్తే ‘మ్యాపు ఆధారం’. ఒక్క మ్యాపో, ఒక్కరి మాటో ఉంటే ‘వెతకాలి’. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఇప్పుడు నేల మీద లేని వీధులు పెట్టడం వాళ్ల నియమాలకు విరుద్ధం, ఎవరో ఒకరు తీసేస్తారు. వాటికోసం ఓపెన్‌హిస్టారికల్‌మ్యాప్ ఉంది. అక్కడ ప్రతి వీధికీ మొదలైన ఏడు, ముగిసిన ఏడు రాయొచ్చు. ముగిసిన ఏడు తెలియకపోతే ఊహించి అంకె పెట్టకండి. చివరిసారి ఏ ఏటి షీటులో కనిపించిందో, ఏ ఏటి ఫొటోలో లేదో గమనికలో రాస్తే తర్వాత ఇంకో షీటు దొరికినవాళ్లు ఆ ఎడాన్ని తగ్గిస్తారు.